దర్జీ అడిగిన మాట

అమ్మీకి నీ పెద్దదాని సలాములు.

నువ్వూ, చెల్లీ, పొత్తిళ్లలోని ఆ కొత్త దొరసానీ బాగున్నారని తలుస్తాను. ఇక్కడ నేనూ తమ్ముడూ తింటున్నాం, తిరుగుతున్నాం. దాన్ని క్షేమం అనొచ్చో లేదో ఇదంతా చదివాక నువ్వే తేల్చు. ఫోన్ చెయ్యకుండా కాగితం ఎందుకంటావా? నువ్వు ఫోన్ స్పీకర్లో పెడతావు. చెల్లి అత్తగారి చెవులు మహా పదును.

బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. పత్రికకు రాయడం మానలేదు. "నోరు కాస్త తగ్గించు" అన్న నీ సలహా ఈసారి కూడా పాటించలేదు. తమ్ముడి ఇస్త్రీ దుకాణం బాగా నడుస్తోంది. కింద ఆవిరి బుస్సుమన్నప్పుడల్లా పైన నా గదిలోకి తడిగుడ్డ వాసన వస్తుంది. మెట్లు దుకాణంలోంచే కదా, ఎక్కడికి వెళ్లాలన్నా వాడి బల్ల పక్కనుంచే వెళ్లాలి. "ఎక్కడికి అక్కా?" అంటాడు, ప్రేమగానే.

చెల్లి పురుడు వదిలి ఆఖరి చూపుకు రాలేకపోయావు కాబట్టి, మరదలి ముఖంలో వెలుగు కనిపించిందా అని అడిగావు. కనిపించింది. జ్వరం ఊపిరితిత్తుల్లోకి దిగి చనిపోయిన మనిషి ముఖం అంత ప్రశాంతంగా ఉంటుందనుకోలేదు. ముఖం సంగతి అదీ.

ఇక తమ్ముడి రెండో పెళ్లి. "వాడి ఇల్లు చీకటైపోతోంది, ఆ దర్జీ కూతుర్ని నువ్వే దగ్గరుండి కుదుర్చు" అని రాశావు. శుక్రవారం నమాజు కాగానే దర్జీ నా గదికే వచ్చాడు. మెడలో టేపు అలాగే ఉంది.

"అమ్మా, వాడి తోడబుట్టినదానివి. పైగా ఆడపిల్లల కోసం పత్రికల్లో కొట్లాడేదానివి. నువ్వు ఊఁ అంటే కళ్లు మూసుకుని ఇచ్చేస్తా."

కింద ఇస్త్రీ పెట్టె బల్ల మీద దించిన చప్పుడు.

"ఆలోచించి చెప్తానన్నా."

"సొంత తమ్ముడి గురించి ఆలోచనేంటమ్మా!" అని నవ్వుతూ మెట్లు దిగిపోయాడు.

అమ్మీ, కూర్చుని చదువు. మరదలికి ఆఖరి గుస్ల్ స్నానం చేయించిన ముసలి ఖాలాకు నీళ్లు అందించింది నేనే. కప్పిన దుప్పటి కిందనుంచి కడుగుతూ కడుగుతూ ఆవిడ చెయ్యి ఆగిపోయింది. దుప్పటి కాస్త జరిగింది. భుజం వెనక మచ్చ. అచ్చం ఇస్త్రీ పెట్టె మొన. దాని కింద ఇంకొకటి, పాతది. పొరపాటున కాలితే చేతి మీద కాలుతుంది కానీ వీపు మీద కాలదు.

ఖాలా నా మణికట్టు పట్టుకుంది. "చూసింది కడుపులో పెట్టుకో బిడ్డా. పోయినవాళ్ల ఒంటిమీది లోపం బయటపెట్టకూడదు."

"లోపం ఎవరిది ఖాలా? దానిదా, కాల్చినవాడిదా?"

"నీళ్లు పొయ్యి," అంది. ఆవిడ కళ్లు తుడుచుకుందామన్నా చేతులు ఖాళీ లేవు.

పోశాను.

అప్పటినుంచి ఈ గదిలో నాతో నేనే పోట్లాడుకుంటున్నాను. రాశాననుకో, మన మతాన్ని తిట్టడానికి సాకు వెతికేవాళ్లు నా వ్యాసాన్ని జెండాలా ఊపుతారు, తమ ఇళ్లలో ఇస్త్రీ పెట్టెలు ఎప్పుడూ వేడెక్కనట్టు! రాయకపోతే మనవాళ్లు పరువు కాపాడానని నెత్తిన పెట్టుకుంటారు. ఆ భుజం ఎవరిక్కావాలి? కాలం మారింది, మీ నీతి పాతబడిందని వాళ్లు. కాలమే చెడిపోయిందని వీళ్లు. ఏం పాతబడింది? వెనకాల చెడు మాట్లాడటం పాపమని మా నోళ్లు మూయించింది నువ్వే. పెళ్లి కోసం అడిగినప్పుడు మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాలి, అప్పుడు దాచడమే ద్రోహం అని నేర్పిందీ నువ్వే. మేనమామ కొడుకు తాగుతాడని పెళ్లికూతురి వాళ్ల గడపలోనే చెప్పొచ్చావు. ఆ రోజు నిన్ను తిట్టని చుట్టం లేడు. సాక్ష్యం సొంతవాళ్ల మీదైనా సరే చెప్పి తీరాలన్నది మన మతంలో, మన దీన్‌లో మొదటినుంచీ ఉంది. మనమే దాని మీద దుప్పటి కప్పాం. పోయినదాని మచ్చ దాచమన్నారు, బతికున్నవాడి చెయ్యి దాచమనలేదు.

తమ్ముణ్ణి అడిగాను. కాలరు మీద పెట్టె తిప్పుతూ, తలెత్తకుండానే అన్నాడు: "కోపంలో అయిపోయిందక్కా. తౌబా చేసుకున్నా. తప్పయిందని అల్లాకు చెప్పుకున్నా."

"దానికి చెప్పుకున్నావా?"

గుడ్డ మీద నీళ్లు చిలకరించాడు. "దర్జీతో ఏమైనా అన్నావంటే మళ్లీ ఈ మెట్లు ఎక్కకు" అన్నాడు. అదీ ప్రేమగానే.

ఇవాళ దర్జీ దుకాణానికి వెళ్లాను. కూతురు కిటికీ దగ్గర కాజాలు కుడుతోంది. ఎన్ని వ్యాసాలు రాసినదాన్ని అమ్మీ, ఇక్కడ ఒక్క మాటే దొరికింది. "ఇవ్వకండన్నా" అన్నాను.

ఆయన కత్తెర ఆగింది. అమ్మాయే అడిగింది: "ఎందుకత్తా?"

వాళ్ల బల్ల మీది ఇస్త్రీ పెట్టె మొన మీద వేలు పెట్టాను. తర్వాత అదే వేలు నా భుజం వెనక పెట్టుకున్నాను.

ఆ పిల్ల దారం తెంపేసింది.

ఇంటికొచ్చాను. వాడికి ఇంకా తెలియదు. సాయంత్రం దర్జీకి బట్టలు ఇవ్వడానికి వెళ్తాడు, అప్పుడు తెలుస్తుంది. ఈ ఉత్తరం డబ్బాలో వెయ్యాలన్నా వాడి బల్ల పక్కనుంచే వెళ్లాలి. "ఎక్కడికి అక్కా?" అంటాడు. అమ్మీకి రాశానని చెప్తాను. తిరిగొచ్చేసరికి ఈ గది నాదో కాదో తెలియదు.

నువ్వు వాడికీ అమ్మవే, తెలుసు. అందుకే ఏం చెయ్యమనీ అడగను. ఇది చదివాక ఫోన్ మాత్రం చెయ్యి.

స్పీకర్లోనే పెట్టు.

ఇట్లు,
నీ కడుపున ముందు పుట్టిన కూతురు