కుట్టులో పడిన ముఖం

పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసి బతికినదాన్ని, వయసు డెబ్బై ఒకటి, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా, నా తదనంతరం అమలు కావలసిన ఈ వీలునామాను నోటితో చెప్పి రాయిస్తున్నాను. వణికేది కుడిచెయ్యి, బుర్ర కాదు. డాక్టరు ఆ మేరకు ఇచ్చిన కాగితం జతచేశాను. అమలు జరిపే బాధ్యత మా పైవాటా టైలరమ్మది.

1. నేనుంటున్న రెండు గదుల వాటా, సామానుతో సహా, నా భర్త జీవితాంతం అనుభవించి, తర్వాత మా అమ్మాయికి చెందాలి. ఏమండీ, నా పుస్తకాల్లో గుర్రుపెట్టే ఎలుగుబంటి ఎవరని ఏళ్ల తరబడి అడుగుతున్నారు. మీరేనండీ. ఏమీ అనుకోకండి.

2. బొమ్మలు వేసే బల్ల మా తమ్ముడికి. అక్కకు పనీపాటా లేదు, బొమ్మలేసుకుంటూ కూచుంటుందని నలుగురిలో చెప్పేవాడు. ఆ బల్ల ముందు ఒక్క పూట నడుం వంచి చూడమనండి. వాడి మీద నాకు కోపం లేదు. ఉంది, కాస్త. చిన్నప్పుడు వాడు గోడ మీద బొగ్గుతో ఆరు కాళ్ల పిల్లిని గీశాడు. దాన్ని సరిదిద్దబోయే నేనీ పనిలో పడ్డాను.

3. కుంచెలు, రంగులు టైలరమ్మకు. నా కథల్లోని గౌన్లన్నీ ఆవిడ గుడ్డముక్కలు చూసి వేసినవే.

4. మా అమ్మాయికి నా మొదటి పుస్తకం, మిగిలిన ఒకే ఒక్క ప్రతి. ఇక్కణ్ణుంచి అమ్మాయితోనే మాట్లాడతాను.

పదహారు, పదిహేడు పేజీలు కలిపి ఒకే బొమ్మ, ఊయల మీద పాప. ఐదేళ్ల నీ ముఖమే వేశాను. కొత్తదాన్ని, ముఖాన్ని సరిగ్గా మధ్యలో పెట్టాను. పుస్తకాన్ని పక్కనుంచి గుచ్చి కుడతారని, నడుమ రెండు వేళ్ల మేర కుట్టులో పోతుందని తెలియదు. అచ్చయి వచ్చిన రోజు నా ఒళ్లో కూచుని తిప్పావు. అటొక జడ, ఇటొక జడ. "అమ్మా, నా మొహం ఏదీ?" అన్నావు. నేను నవ్వేశాను. ఆ నవ్వు ఇప్పటికీ మింగుడుపడదు.

అసలు బొమ్మను ప్రెస్సువాళ్లు పోగొట్టారు. మళ్లీ వేస్తానన్నాను. కుందేళ్లనూ ఏనుగులనూ ఎవరెవరి పిల్లలనో వేశాను, నీది రేపు రేపంటూ ముప్పై తొమ్మిదేళ్లు గడిపాను. ఊళ్లో పిల్లలందరినీ గీసి నన్ను కుట్టేశావని నువ్వంటే, తప్పు ఒప్పుకోక పోట్లాడాను. నువ్వు రావడం మానేశావు. ఈ ఏడు నిజంగానే కూచున్నాను. గీత నిలవలేదు. ఫొటోల్లో ఉన్నది బిగుసుకుపోయిన ముఖం. ఊయల దిగనని మొండికేసిన ముఖం నాకు గుర్తు రావడం లేదు తల్లీ.

అది ఎక్కడైనా ఉంటే ఆ కుట్టు లోపలే ఉండాలి. బైండరు అంచు కోసేశాడో లేదో తెలియదు. దారం తెంపి చూసే ధైర్యం నాకు చాలలేదు. కనుక టైలరమ్మ కుట్టు విప్పాలి, నువ్వు పక్కన ఉండాలి, రెండు కాగితాలూ ఆనించి చూడాలి. ఈ షరతు చట్టం ముందు చెల్లదని దస్తావేజు రాసే ఆయన అన్నారు. అయినా ఉంచమన్నాను.

ముఖం ఉంటే తీసుకో. లేకపోతే, నీకివ్వడానికి ఆ ముఖం నా దగ్గర ఇంకెక్కడా లేదు.

తేదీ: మార్చి పద్నాలుగు, గురువారం.

సంతకం: చెయ్యి నిలవనందున ఎడమ బొటనవేలి ముద్ర.

సాక్షులు:
కింది వాటా కంటి డాక్టరు.
వీధి చివర పటాలకు ఫ్రేములు కట్టే ఆయన. ఆ బొమ్మ కొలత అడిగారు, నేనింకా చెప్పలేదు.