బొచ్చెచేపను పట్టిన చెయ్యి

జమ్మలమడుగు,
ఆదివారం.

అమ్మా ఫాయిజా,

నీకు మీ నాయన సలాం, దువా. అల్లా దయవల్ల నేనూ మీ అమ్మా వేళకు ఇంత తిని తిరుగుతున్నాం. నువ్వూ ఆ కువైట్ ఎండల్లో ఒళ్ళు జాగ్రత్తగా చూసుకుంటూ, ఆస్పత్రి డ్యూటీలు చేసుకుంటున్నావని తలుస్తాను.

అబ్దుల్ వాహిద్ కువైట్ నుంచి సెలవుకు వచ్చి నీ ఉత్తరం, ఖర్జూరాలు ఇచ్చాడు. శుక్రవారం మళ్ళీ విమానం ఎక్కుతాడట, ఇది ఆయన చేతికే ఇస్తున్నాను. రోజూ ఫోనులో మాట్లాడుకుంటూ ఈ ఉత్తరమేమిటని అనుకుంటావేమో. ఫోనులో నీ మొహం కనపడుతుంది. నేను రాయబోయేది నీ మొహం చూస్తూ చెప్పగలిగేది కాదు.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. వంటింటి కప్పు కురవడం ఆగింది, పైన సిమెంటు పూయించాను. షాపు బాగానే నడుస్తోంది. ఈ ఏడు బోరుమోటార్లు తెగ కాలిపోతున్నాయి. పాపం రైతులకు కష్టం, నాకు చేతినిండా వైండింగ్ పని. నీ పక్కగది మలయాళీ నర్సు మొగుడికి కూడా గాలాల పిచ్చి అన్నావే, ఆ బొచ్చెచేపకు ఏ మేత పెట్టానో కనుక్కోమన్నాడని రాశావే, చెప్పు: శెనక్కాయల చెక్క, వేయించిన తవుడు, బాగా మగ్గిన అరటిపండు. ముద్ద మెత్తగా ఉండాలి కానీ నీళ్ళలో పడగానే విడిపోకూడదు. ఇంతవరకు మాత్రం నా పనే.

ఇక నువ్వు కింద గీత గీసి మరీ అడిగిన ప్రశ్న. అమ్మ ఫోను ఎప్పుడూ ఎడమచేత్తోనే ఎందుకు పట్టుకుంటోంది, కుడిచెయ్యి చూపించమంటే పొయ్యిమీద పాలున్నాయని ఎందుకు లేచిపోతోంది అని. నువ్వు నర్సువి, నీ దగ్గర ఎన్నాళ్ళో దాగదని నాకు తెలుసు. దానికి జవాబు చెప్పాలంటే ఆ చేప సంగతి మొదటినుంచీ చెప్పాలి.

నీకు ఊహ తెలిసినప్పటినుంచీ నేను ఆదివారమొస్తే మైలవరం డ్యాముకు పోయేవాణ్ణి. కట్టమీద నా పక్కన ఫకీర్ సాహెబ్ కూర్చుంటాడు. ఆయనకూ నాకూ ఒకటే వాదన. "నసీబుంటేనే చేప, అన్సరూ. నీ చేతిలో దారం తప్ప ఏముండాది?" అంటాడు ఆయన. నసీబు, అదృష్టం అనేవి సోమరిపోతుల మాటలు అంటాను నేను. గాలి ఎటునుంచి వీస్తోంది, నీళ్ళు ఎంత తగ్గాయి, ఏ పూట ఏ లోతులో చేప తిరుగుతుంది, అన్నీ కుర్రాళ్ళకు పాఠం చెప్పినట్టు చెప్పేవాణ్ణి. కానీ ఇన్నేళ్ళలో నాకు పది కిలోలు దాటిన చేప పడలేదమ్మా. దారం కాలివేలికి కట్టుకుని కునుకు తీసే ఫకీర్ సాహెబుకు మాత్రం పద్ధెనిమిది కిలోల బొచ్చె పడింది. ఆ డ్యాములో గాలానికి పడినవాటిలో అదే పెద్దదని అందరూ చెప్పుకునేవారు. ఆ ముల్లు నాలో ఎంత లోతుగా దిగిందో మీ అమ్మకు తప్ప ఎవరికీ తెలియదు.

ఆ చేప పడిన ఆదివారం కరెంటు లేదు, ఇంట్లో ఉక్కగా ఉందని మీ అమ్మ కూడా బండిమీద వచ్చింది. పొద్దుటినుంచీ ఒక్క చేపా ముట్టలేదు. సాయంత్రం అసర్ నమాజు వేళయింది. దారం ఆమె చేతికిచ్చి, "రవ్వంతసేపు పట్టుకో మైమూన్, చదువుకోని వస్తా" అన్నాను.

"లాగితే?"

"ఏం లాగదులే."

నమాజు ముగించి లేస్తుంటే, "ఏమయ్యా! బిన్నా రాయ్యా!" అని కేక వినబడింది. కట్టమీదినుంచి చూస్తే మీ అమ్మ మోకాళ్ళ లోతు నీళ్ళలో ఉంది. చీర నీళ్ళమీద తేలుతోంది. దారం అరచేతికి చుట్టుకుని ఉంది. అవతల చేప గుంజితే ఆమె దారం వదులుతోంది, సడలగానే మళ్ళీ చుట్టుకుంటోంది. ఆ పని చెయ్యమని ఎంతమంది కుర్రాళ్ళకు చెప్పాను! కంగారులో ఒక్కడూ చెయ్యడు. నేను పరిగెత్తుకుంటూ పోయేసరికి చేప అలిసిపోయి పక్కకు ఒరిగి ఉంది. నేను చేసిందల్లా మొప్పల్లో చెయ్యి దూర్చి గట్టుమీదికి ఈడ్చడం.

జనం చేరారు. నమాజు ముగించుకుని ఫకీర్ సాహెబూ వచ్చాడు. ఎవరో ఫోను పైకెత్తి, "ఎవురు పట్టినారప్పా?" అని అడిగారు.

"నేనే" అన్నాను.

అనాలని అనలేదమ్మా, నోట్లోంచి జారింది. కానీ జారిన మాటను వెనక్కి తీసుకోవడానికి కావలసినంత సమయం ఉంది. నేను తీసుకోలేదు. మీ అమ్మ నావైపు ఒకసారి చూసింది. చీరకొంగు అరచేతికి చుట్టుకుని బండి దగ్గరికి పోయి కూర్చుంది.

చేప ముప్పై కిలోల పైనే తూగింది. పేపర్లో నా ఫోటో వచ్చింది. నువ్వు దాన్ని స్టేటస్‌లో పెట్టి "మా నాయన" అని రాశావు. అది ఎన్నిసార్లు తీసి చూసుకున్నానో చెప్పడానికి సిగ్గేస్తోంది.

మర్నాటికి ఆమె చెయ్యి వాచింది. ఆస్పత్రికి తీసుకుపోయాను. "ఎట్ల తెగిందమ్మా?" అని అడిగారు. మీ అమ్మ నా ముఖం చూసింది. "ఈలపీట మింద చేప కోస్తాంటే తెగింది" అన్నాను. ఆ మాట నమ్మి మామూలు గాయమని కుట్లు వేసి పంపారు. వాళ్ళ తప్పేమీ లేదు. నైలాన్ దారం ఒరుసుకుని రెండు వేళ్ళ మొదట్లో లోపలిదాకా కోసిందని చెప్పవలసినవాణ్ణి నేను. ఇప్పుడు ఆ రెండు వేళ్ళూ వంగవు. కత్తెర పట్టలేక, కుట్టడానికి వచ్చిన జాకెట్లన్నీ తిప్పి పంపేసింది.

అప్పటికీ నాకు బుద్ధి రాలేదు. ప్రొద్దుటూరులో అవినాష్ అని బంగారు అంగడాయన, గాలాల సరదా ఉన్నవాడు, నాకు సన్మానం పెట్టాడు. శాలువా కప్పి మైకులో అడిగాడు: "ఇంత పెద్ద చేప పడటం అదృష్టమా, నైపుణ్యమా?" నేను గొంతు సవరించుకుని, "అదృష్టం చేపను గాలం దాకా తెస్తుంది. గట్టుదాకా తెచ్చేది చెయ్యే" అన్నాను. చప్పట్లు మోగాయి. మీ అమ్మ ముందు వరసలో కూర్చుని ఉంది. కట్టు కట్టిన కుడిచెయ్యి కొంగులో దాచుకుని, ఎడమచేత్తో మోకాలిమీద తడుతూ చప్పట్లు కొడుతోంది. ఇంకా చెప్పబోయింది ఆపేసి మైకు తిరిగి ఇచ్చేశాను. అది వినయమనుకుని జనం ఇంకా గట్టిగా కొట్టారు.

బస్సులో అడిగాను, "ఎవురికీ ఎందుకు చెప్పలేదు నువ్వు?" అని.

"నువ్వు ముందే చెప్పేస్తివి గదా. నలుగుర్లో నిన్ను అబద్ధాలకోరును చేసేదానికి నాకు నోరెట్ల వస్తాది?" అంది.

మరుసటి రోజే పులివెందులలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోయి జరిగింది జరిగినట్టు చెప్పాను. ముందే తెలిసుంటే బాగుండేదన్నాడు. వచ్చే నెల ఆపరేషన్. ఒక వేలు మళ్ళీ వంగుతుందట, రెండోదానికి మాట ఇవ్వలేదు. రిపోర్టులు వాహిద్ చేత పంపుతున్నాను, నువ్వూ అక్కడి డాక్టర్లకు చూపించు.

తర్వాత డ్యాముకు పోయి అందరి ముందూ నిజం చెప్పాను. నవ్వారమ్మా. "పెండ్లాం మింద ప్రేమ శానా ఎక్కువైపాయనే అన్సర్ మామకు" అన్నారు. అవినాష్ ఫోను చేసి, గెలుపును భార్యకు ఇచ్చేసిన పెద్ద మనసు అని మెచ్చుకున్నాడు. నిజం చెప్పినా నాకు పేరే వచ్చింది. నవ్వనివాడు ఫకీర్ సాహెబ్ ఒక్కడే.

"నాకు ఆ పొద్దే తెల్సు. నీ చేతులకు దారం గీత గూడా లేకపాయ" అన్నాడు.

"మరి అడగలేదేంది సాహెబ్?"

"నువ్వే చెప్తావేమోనని చూస్తాంటి."

అందుకే నీకు రాస్తున్నాను. ఎవరు నమ్మకపోయినా నువ్వు నమ్మాలి. ఆ ఫోటో తీసెయ్యి. మీ మలయాళీ ఆయనకు కూడా ఎవరు పట్టారో చెప్పు.

ఇంకొక్క మాట. ఆ చేపను ఎట్లా పట్టావని ఊరంతా నన్నడిగింది. మీ అమ్మను ఒక్కరూ అడగలేదు, నేను కూడా. ఈ పొద్దున ఆమె చేతికి వేడినీళ్ళ కాపడం పెడుతూ అడిగాను.

"నాకేం తెల్సు? నొప్పి పుడితే వదిలినా, పోతాదేమోనని మళ్ళా పట్టినా. చెయ్యి తెగేది తెలుస్తానే ఉండె. పీడ పాయ, వదిలేద్దామనే అనుకుంటి" అంది.

"మరి వదల్లేదేంది?"

"కట్టమింద నువ్వు పరిగెత్తుకుంటా వస్తాంటివి. నీ మొగం చూసినా. పెండ్లయిన కాడ్నించి అంత సంబరం నీ మొగంలో నేను ఎప్పుడూ చూసింది లేదు. ఇంగ యాడ వదిలేది?"

నా చేతిలో గుడ్డ చల్లారిపోయింది. మళ్ళీ వేడినీళ్ళలో ముంచాలని కూడా తోచలేదు నాకు.

ఇట్లు,
నీ ముందు తల దించుకున్న మీ నాయన,
అన్సర్