ఆమె గడిలో ఏం రాయాలి

డాక్టరు గారికి,

జ్వరం ఆడవాళ్ల గుండె మీద, మగవాళ్ల గుండె మీద వేర్వేరుగా పనిచేస్తుందేమో తెలుసుకోవడానికి మీరు పంపిన ఫారం నింపి పంపాను. మా ఇద్దరికీ ఒకే రోజు జ్వరం వచ్చింది. నాకు ఛాతీ పట్టేసినట్టుందంటే, నా భార్య మూడు రోజులు పూటపూటకూ నా బీపీ చూసి రాసింది. ఆ కాగితం జతచేశాను.

తనకు దవడ లాగుతోందని ఒక్కసారే అంది. నువ్వూ చూసుకోరాదా అన్నాను.

"మీది గుండె, నాది గ్యాసు లెండి. ముందు చెయ్యి చాపండి!"

చాపాను. నాలుగో రోజు ఉదయం ఆమె గుండె ఆగిపోయింది.

ఆ ఫారంలో ఆమె బీపీ గడి ఖాళీగా ఉందని మీ సహాయకురాలు ఫోన్ చేశారు. "మామూలే అని రాసేద్దామా అండీ?" అన్నారు. దయచేసి అలా రాయకండి. ఇంట్లో బీపీ మిషను ఉండి కూడా చూడలేదని రాయండి.

ఆమె భర్త