మీరేం ఎంచుకుంటారని నన్నడిగారు

హైదరాబాదు నుంచి

మా తమ్ముడు ఓబులేసుకు అన్న సుబ్బన్న మనసారా దీవించి రాసేది ఏమంటే, నేనిక్కడ వేళకు తింటూ బాగున్నాను. నువ్వు, మరదలు, పిల్లలు, గొర్రెలు అంతా క్షేమమని తలుస్తున్నాను. చిన్నమ్మ దగ్గు తగ్గిందా? ప్రొద్దుటూరులో చూపించమన్నాను, చూపించావా?

నాకు ఏ లోటూ లేదు. మా అమ్మాయి అరుణ కూతురిలా కాదు, కన్నతల్లిలా చూసుకుంటోంది. సంగటి మాత్రం మరదలి చేతి సంగటి కాదు. చలి ఎక్కువ. ఈ కరోనా రోగం వల్ల గడప దాటనివ్వదు. ఎదురింటాయన పేరేమిటో ఇంతవరకు తెలియదు. అయినా బాగున్నాను, దిగులు పడొద్దు.

తమ్ముడూ, ఒక సంతోషం చెప్పాలి! బళ్లు మూసేశారు కదా, అరుణ ఇంట్లోనే కంప్యూటర్ ముందు కూర్చుని పాఠాలు చెబుతోంది. ఇప్పుడు చెబుతున్నది అమెరికాలోని నల్లవాళ్ల చరిత్ర. మొదట్లో తెర మీద పిల్లల పేర్లే ఉండేవి, ముఖాలు లేవు, ఉలుకూ పలుకూ లేదు. అప్పుడు అరుణ, "ఇందులో ఏది తెలుసుకోవాలని ఉందో మీరే ఎంచుకోండి. పాట పాడతారో, బొమ్మ గీస్తారో, అదీ మీ ఇష్టమే" అంది. ఏం చెప్పమంటావు! ఒక్కొక్క ముఖమే వచ్చి తెర నిండిపోయింది. ఒకడు డోలు వాయించాడు. ఒక పాప ఆ నల్లవాళ్లు కుట్టుకునే బొంతల బొమ్మ గీసింది. నిత్య అనే పిల్ల ఓటును ఎంచుకుంది. నల్లవాళ్లు ఓటర్లుగా పేరు రాయించుకోబోతే పనిలోంచి తీసేసేవారట, ఇళ్లు తగలబెట్టేవారట. వెనక మంచం మీద వింటున్న నేను ఉండబట్టలేక, "మా ఊరి మాదిరే ఉండాదే!" అన్నాను. అది ఆ పిల్ల చెవిన పడింది.

"తాతయ్యా, మీ ఊళ్లో ఓటు ఎలా వేస్తారు?"

"పోతాం, పేరు చెప్తాం, వేలికి సిరా పూస్తారు, ఇంటికొస్తాం తల్లీ."

"మరి బటన్?"

"అది మనోళ్లు నొక్కుతారు. మనకెందుకా శ్రమ?"

పిల్లలు పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. నిత్య నవ్వలేదు. "అంటే మీరు ఎప్పుడూ ఓటేయలేదా తాతయ్యా?" అంది. తర్వాత మెల్లగా, "మీరైతే ఏం ఎంచుకుంటారు?" అంది.

ఇంత వయసొచ్చింది, నన్ను ఆ మాట అడిగిన మనిషి లేడు తమ్ముడూ. మన పార్టీ ఏదో మనం పుట్టకముందే తేలిపోయింది. ఏ అంగట్లో టీ తాగాలో, ఏ పెళ్లికి పోకూడదో అంతా దాన్నిబట్టే. తెర ముందుకొచ్చి ఆ పిల్లకు దండం పెట్టాను, ఎంత సంతోషమో! పిల్లలు చప్పట్లు కూడా కొట్టారు.

ఆ సంబరం నీకు చెబుదామని ఫోన్ చేస్తే నీ కోడలు రమాదేవి ఎత్తింది. సర్పంచు పదవి ఆడవాళ్లకు వచ్చిందట, మన నాయకుడు ఆమెనే నిలబెట్టాడట.

"నువ్వు ఒప్పుకున్నావా తల్లీ?"

"నన్ను అడిగిందెవరు పెద్దమామా? కాయితాలు తెచ్చినారు, సంతకం పెట్టమన్నారు, పెట్టినా. తెల్లారి చూస్తే ఎదుటి పార్టీవోళ్లు తోటలో కాపుకొచ్చిన చీనీ చెట్లు నరికేసి పోయినారు. పులివెందుల కాడ మా నాయన్ను సంపేటప్పుడు కూడా ముందు చెట్లే నరికినారు మామా."

"నీకేం కావాలమ్మా?" అన్నాను. "ఎవరన్నా అడిగితే కదా ఆలోచించేది" అంది.

ఓబులేసూ, ఆ బిడ్డను పోటీ నుంచి తప్పించు. నీ వల్ల కాదని తెలుసు. తప్పిస్తే, "వీళ్ల అన్న పట్నంలో కూర్చుని ఎదుటోళ్లకు అమ్ముడుపోయినాడు" అంటారు. గొర్రెల దారి మూస్తారు. ఫోన్లో మాట్లాడదామంటే నీ పక్కన ఎవరుంటారో, అందుకే రాస్తున్నాను. ఇది చేరేసరికి నామినేషన్ వెనక్కి తీసుకునే గడువు దాటిపోయి ఉంటుంది. అదీ తెలుసు.

చిన్నమ్మ పాదాలకు నా దండాలు, నా కోసం ఒకసారి దేవుడికి మొక్కమను. మరదలికి, పిల్లలకు దీవెనలు. నేనే వద్దును గానీ ఈ మోకాళ్లు ఎర్రగుంట్ల స్టేషన్ మెట్లు ఎక్కలేవు. ఇక ఒక్కటే అడుగుతాను, ఇదైనా కాదనకు. చెట్లు నరికినవాళ్లు అంతటితో ఊరుకోరు. రమాదేవి ఓట్లడగడానికి గడప దాటేటప్పుడు ఆమెను ముందు నడవనివ్వొద్దు. నువ్వు ముందు నడువు.

మీ అన్న
సుబ్బన్న