గాయం ఎక్కడని అడిగితే

ఖమ్మం, మంగళవారం

వదినా, కాలు నొప్పి తప్ప క్షేమంగానే ఉన్నాను.

డెబ్బై ఒకటి యుద్ధం పెన్షన్ నాకు రాదు. అప్పట్లో వయసు చాలక తోమాసన్న పదో తరగతి సర్టిఫికెట్‌తో పటాలంలో చేరాను కదా. పోయినేడు అన్నకు మనం తీసుకున్న మరణ పత్రం ఆఫీసు కంప్యూటర్‌లో కనబడింది. "తోమాసు సచ్చిపోయిండని ఉంది తాతా. నువ్వేమైతవ్?" అన్నాడు క్లర్కు. ఆ తోమాసును నేనేనని చెప్పడానికి నోరు రాలేదు. తమ్ముణ్నన్నాను. "ఆయన భార్య ఉంటే తోల్కరా, ఆమెకొస్తది" అన్నాడు.

సర్టిఫికెట్ నాకిచ్చేసి అన్న బతుకంతా సారపాకలో వెదురు మోశాడు. ఇది నీకు రావడమే న్యాయం. శుక్రవారం మరణ పత్రం, మీ పెళ్లి ఫొటో పట్టుకుని బస్సెక్కు. మేక ఈనిందా? బీపీ మాత్రలు మానకు. పోస్టుమాన్ ఈ కార్డు చదివితే చదవనీ, పటాలానికి ఎవరు పోయారో బూర్గంపాడులో తెలియనిది ఎవరికి?

యుద్ధంలో తగిలిన గాయం ఎక్కడని అడుగుతారు. అన్న ఒంటి మీద గాయం లేదని నీకు తెలుసు. అయినా ఎడమ మోకాలి కింద అని చెప్పు, తడబడకు. ప్రభువు నిన్ను చల్లగా చూడాలి, నన్ను క్షమించాలి.

మరిది ఇస్సాకు