అది తెర లోపం కాదు

చిరంజీవి మా సూపర్‌వైజరు గారికి,

అమ్మ దీవెనలు. ఇక్కడ నేనూ, నువ్వు నాకు అంటగట్టి వెళ్ళిన పిల్లీ క్షేమం. అక్కడ నువ్వూ, నీ హాస్టలు గదిలో గురక పెట్టే ఆ అమ్మాయీ క్షేమమని తలుస్తాను. నాన్న పెట్టిన పేరుతో పిలిచానని కళ్ళనీళ్ళు పెట్టుకోకు. ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఇంట్లో ఒకరైనా మిగలాలి కదా.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. మోకాలు పరవాలేదు. వంటింటి కుళాయి ఇంకా కారుతూనే ఉంది. ప్లంబరు "రేపొస్తానమ్మా" అంటాడు, ఆయన రేపు ఎప్పటికీ రేపే. నాన్న ఉంటే స్పానరు పట్టుకుని సింకు కింద దూరేవారు. నువ్వు పక్కన గొంతుక్కూర్చుని "ఇంకొంచెం బిగించు నాన్నా, ఇంకొంచెం" అని పెత్తనం చేసేదానివి. నాన్న గొంతు గుర్తు రావడం లేదని రాశావు. నాకు పొద్దున్నే వస్తుంది, మధ్యాహ్నానికి జారిపోతుంది. ఇందులో నీ తప్పేమీ లేదు తల్లీ.

మీ అమ్మ ఏం చేస్తుందని ఆ గురక పిల్ల అడిగితే "కంప్యూటర్లు" అని ఊరుకున్నావట. సరిగ్గా చెప్పవే. ఆసుపత్రుల్లో తీసిన మెదడు స్కాన్లను తెర మీద చూపించే సాఫ్ట్‌వేరు మాది. అది సరిగ్గా చూపించకపోతే తిట్లు తినేది నేను. మొన్న ఒక డాక్టరు గారు మెదడంతా ఎర్రగా మండిపోతోందని గగ్గోలు పెట్టారు. చూస్తే, ఎంత దాటితే ఎరుపు చూపించాలో ఆ హద్దును సున్నా దగ్గర పెట్టుకుని కూర్చున్నారు. ఇంకొకాయనకి సగం మెదడే కనిపించింది. గ్రాఫిక్స్ డ్రైవరు మరీ పాతది, మార్పించగానే మిగతా సగం వచ్చింది. "మీరు దేవత మేడమ్" అన్నాడు. దేవతగారింట్లో కుళాయి కారుతోందని అతనికేం తెలుసు!

ఎవరికి ఏ ఇబ్బంది వచ్చినా నేను ముందు అనే మాట ఒకటే, "మా నమూనా మెదడు తెరిచి చూడండి" అని. అది బాగా కనిపిస్తే తప్పు వాళ్ళ స్కానుది. అదీ బాగా లేకపోతే తప్పు వాళ్ళ కంప్యూటరుది. ఆ నమూనా ఎవరి తలో నీకు తెలుసు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో కంపెనీకి ఆరోగ్యంగా ఉన్న తల ఒకటి కావలసివచ్చింది. "లిఫ్టు గుంతలో గంటల తరబడి నక్కి రిపేర్లు చేసేవాణ్ణి, ఆ గొట్టంలో కదలకుండా పడుకోవడం ఒక లెక్కా" అంటూ నాన్న బయల్దేరారు. ఆయన తలకి ఏ జబ్బూ లేదు. పోయినేడు మనల్ని మోసం చేసింది ఆయన గుండె. ఆ తర్వాత కూడా నేను రోజూ ఆఫీసుకి వెళ్ళి, ఎవరికో ఏదో సరిచేస్తూ, ఆ తలని తెరుస్తూనే ఉన్నాను. చాలామంది ఆడవాళ్ళకి ఫోటో ఒక్కటే మిగులుతుంది.

ఆ బొమ్మలో నుదుటి వైపు నీటి మీద అలల్లా సన్నటి గీతలుంటాయి. మాకొచ్చే ఫిర్యాదుల్లో సగం వాటి గురించే. "మీ నమూనా మీద గీతలు పడుతున్నాయి, మా తెర పాడైందా?" అని. నా జవాబు కంఠతా వచ్చేసింది. "అది తెర లోపం కాదు. స్కాను తీస్తుండగా మనిషి కదిలాడు." చిన్నప్పుడు నువ్వు అడిగితే నాన్నకి దగ్గు వచ్చిందని చెప్పాను. అందరికీ అదే చెప్పాను.

కొత్త వెర్షనులోంచి ఆ బొమ్మ తీసేస్తారట అని నేను రాస్తే, "తీసేయనివ్వకమ్మా, పోట్లాడు" అని రాశావు. పోట్లాడాను. మా మేనేజరు చెడ్డవాడు కాదు. కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. "మేడమ్, ఈ గీతలకి జవాబులు రాయడంతోనే మన టైమంతా పోతోంది. కొత్త వెర్షనులో వేరే తల పెడదామనుకున్నాం. మీకు కష్టంగా ఉంటే సార్ బొమ్మే ఉంచేద్దాం. కదలికని సరిచేసే టూలు వచ్చిందిగా, గీతలు తుడిచేయండి చాలు. ఏది చేస్తారో మీ ఇష్టం" అన్నాడు. అంతకంటే మర్యాదగా ఎవరు చెబుతారు? ఎగురుకుంటూ ఇంటికొచ్చాను. ఆ పూట పిల్లికి పాలు కూడా ఎక్కువ పోశాను.

మర్నాడు టూలు నడిపాను. గీతలు పోయాయి. నున్నగా, శుభ్రంగా, పాఠ్యపుస్తకంలో వేసుకోవచ్చు అన్నట్టుంది. అది ఎవరి మెదడైనా కావచ్చు. దాన్ని చూస్తూ కూర్చుంటే నాకు ఏడుపు ఆగలేదు. సేవ్ చేయకుండా మూసేశాను.

ఎందుకో ఇప్పుడు చెబుతాను. అది దగ్గు కాదమ్మా. ఆ రోజు నిన్ను పక్కింటి అత్తయ్య దగ్గర వదిలి వెళ్ళాం. నీకప్పుడు నాలుగేళ్ళు. నాన్న గొట్టంలో, నేను అద్దానికి ఇవతల ఆపరేటరు గదిలో ఉండగా ఆవిడ ఫోను చేసింది. "మీ నాన్నేడే?" అని అడిగితే నువ్వు, "నాన్న బుర్రలో ఏముందో వెతకడానికి తీసుకెళ్ళారు. ఏమీ దొరక్కపోతే ఇంటికి పంపించేస్తారు" అన్నావట. నాకు నవ్వాగలేదు. మధ్యలో మెషీను చప్పుడు ఆగి, ఆపరేటరు అటు వెళ్ళిన సందులో అతని మైకులో నాన్నకి చెప్పేశాను. "ఊరుకోవే, కదలకూడదట" అన్నారు. అంతలో ఆపరేటరు వచ్చి చివరి స్కాను మొదలుపెట్టాడు. పాపం, కాసేపు బిగబట్టారు. తర్వాత గొట్టం బయట కనిపిస్తున్న ఆ పాదాలు రెండూ ఊగడం మొదలైంది.

ఏమైందని ఆపరేటరు అడిగితే దగ్గని చెప్పాను. కొత్త ఉద్యోగం, భయం. నీకు చెబితే ఊరంతా టముకు వేస్తావని మా ఇద్దరి మధ్యే దాచుకున్నాం. ఆయన పోయాక నాకు నోరు పెగల్లేదు.

ఆ గీతలు మీ నాన్న నవ్వు. నువ్వు నవ్వించిన నవ్వు. దాన్ని తుడిచేసి తల ఉంచుకోమంటే నా వల్ల కాలేదు. కాబట్టి కొత్త వెర్షనులోంచి నాన్న బొమ్మ తీసేసింది మేనేజరు కాదు, నేనే. కోపం వస్తే తిట్టు, పడతాను. అడిగితే ఆ బొమ్మని గీతలతో సహా మనకి ఇచ్చేశారు. ఆయన గొంతు నేను నీకు తెచ్చివ్వలేను. నవ్వు మాత్రం ఉంది. సెలవులకి రా, ఇద్దరం కూర్చుని చూద్దాం.

కొత్త తల ఎవరో బుద్ధిమంతుడిది, కాస్త కూడా కదల్లేదు. దాని గురించి ఇంతవరకు ఒక్క ఫిర్యాదు రాలేదు. అయినా ఆఫీసుకి వెళ్ళగానే, గీతల గురించి ఎవరైనా రాశారేమోనని చూస్తున్నాను. జవాబు నా నాలుక చివరే ఉందమ్మా, అడిగేవాళ్ళే లేరు.

ఇట్లు,
కదలకూడని మనిషిని నవ్వించిన
మీ అమ్మ