అగ్గికి తెలిసిన పేరు

నల్లకుంటగూడెం,
భద్రాచలం దగ్గర,
2 జూలై 1992

పూజ్యులైన ప్రమీలారాణి టీచరుగారికి, మీ దగ్గర పదో తరగతి దాకా చదువుకున్న సునంద నమస్కారాలు.

మీ సంతకంతో ఒక కాగితం కావాలి. అది రాకపోతే నా బడిలో ఒక పిల్ల చదువు మొదట్లోనే ఆగిపోతుంది. అందుకే ఆలస్యం చేయకుండా ఈ రోజే రాస్తున్నాను. మధిరలో మీరు, సారు, పిల్లలు క్షేమమని తలుస్తాను.

నేను బాగున్నాను. బడి అంటే ఒకటే గది, ఇరవై ముగ్గురు పిల్లలు. వానలు పడ్డాయి గనుక సగం మంది పొద్దున్నే తల్లులతో చేలకు పోతారు. అయినా మధ్యాహ్నానికి తడుస్తూ పరుగెత్తుకొస్తారు. నాకు ఈ ఊరు నచ్చింది టీచర్.

నేను చెప్పే పిల్ల పేరు బూడిదమ్మ. ఆరేళ్ళది. ఎండాకాలంలో గూడెమంతా తగలబడిన రోజున వాగు ఒడ్డున పుట్టింది. మా వైపులాగే ఇక్కడ కూడా ఆపదలో పుట్టిన బిడ్డకు ఆ ఆపద పేరే పెడతారు. ఏటా ఎండలు ముదరగానే పిల్ల నాయనమ్మ భీమక్క ఊరి చివర నిలబడి ఆ పేరు మూడుసార్లు కేకేస్తుంది. అది వింటే, ఈ ఊరు తాను ఒకసారి కాల్చిందేనని అగ్గి పక్కకు పోతుందని వీళ్ళ నమ్మకం.

నేను చేసిన పని వింటే మీరు నవ్వుతారు. బడిలో చేర్పించే రోజున భీమక్క పిల్ల పేరు చెబుతుంటే నేను రిజిస్టరులో శిరీష అని రాశాను. మీరు నాకు చేసిన మేలే చేస్తున్నాననుకున్నాను. హాజరులో నన్ను గత్తరమ్మ అని పిలిస్తే హాస్టలు పిల్లలు ముక్కులు మూసుకునేవాళ్ళు, గుర్తుందా? పదో తరగతి ఫారంలో మీరు సునంద అని రాశాకే ఆ నవ్వులు ఆగాయి.

మూడో రోజున భీమక్క బడికొచ్చింది. "ఏంది పంతులమ్మా, నా పిల్ల పేరు తీసేసినవంట? అగ్గికి ఎరికైన పేరది. శిరీష ఎవరో దానికెట్ల తెలుస్తది?" అని నిలదీసింది. తప్పయిందని చెప్పి ఆమె ముందే శిరీష అన్నది కొట్టేసి బూడిదమ్మ అని రాశాను. అక్కడితో ఊరుకోవలసింది. ధైర్యం చెబుదామని, నా పేరూ గత్తరమ్మేనని, గత్తర (కలరా) వచ్చిన ఏడాది పుట్టానని, బళ్ళో పేరు మార్చినా నాకేమీ కాలేదని చెప్పాను.

భీమక్క నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "నీ పేరే నువ్వు కాపాడుకోలె, నా పిల్ల పేరు కాపాడుతవా? పో, ముందు నీది తెచ్చుకో. అప్పుడు పంపిస్త" అని పిల్ల చెయ్యి పట్టుకుని పోయింది.

బూడిదమ్మ మాత్రం మానలేదు. రోజూ మేకను తోలుకొచ్చి కిటికీ అవతల నిలబడుతుంది. లోపలివాళ్ళు లెక్క తప్పితే "గట్ల కాదు, ఎనిమిది" అని అరుస్తుంది. లోపలికి రమ్మంటే, "అవ్వ లోపలికి పోవద్దన్నది. కిటికీ సంగతి ఏమనలే" అంటుంది. భీమక్క కూడా చూసీ చూడనట్టే ఉంటోంది. చేనుకు పోతూ నాకు రెండు దోసకాయలిచ్చి "పేరొచ్చిందా?" అని అడుగుతుంది. ఇంకా కాగితం రావాలని చెబితే, "మీ సర్కారోళ్ళకు సొంత పేరుకు గూడ దర్ఖాస్తేనా" అని ఎగతాళి చేస్తుంది.

బడి గోడ మీద నా పేరు సునంద అని ఉంది. చెరిపి గత్తరమ్మ అని నేనే రాసుకోవచ్చు. కానీ సర్టిఫికెట్లలో ఒకటి, గోడ మీద ఒకటి ఉంటే భీమక్కను మోసం చేసినట్టే. అందుకని పద్ధతిగా పేరు మార్పుకు దర్ఖాస్తు పెడుతున్నాను. గత్తరమ్మ, సునంద ఒక్కరేనని, పదో తరగతప్పుడు నా ఇష్టంతోనే పేరు మారిందని రాసి సంతకం చేసి పంపండి. అది చేరిన రోజే దర్ఖాస్తు పంపి, గోడ మీద పేరు మారుస్తాను. పిల్ల లోపలికొస్తుంది. ఇది మీ మీద నిష్ఠూరం కాదు టీచర్. మీరు పెట్టిన పేరుతోనే నేను ఇంతదాకా వచ్చాను.

నెలాఖరుకు పిల్లల లెక్క పంపాలి. బయట నిలబడిన పిల్లను అందులో రాయలేను. దయచేసి జూలై 25లోగా జవాబు రాయండి.

మీ విద్యార్థిని,
సునంద

తా.క.: ఆ రోజు ఫారం నింపుతూ, మీ అమ్మ ఒప్పుకుందా అని మీరు అడిగారు. ఒప్పుకుందన్నాను. అబద్ధం. నేను అమ్మను అడగనేలేదు. గత్తరకు మా అన్నలిద్దరూ పోయిన వారానికి నేను పుట్టాను. ఆ పేరు పెట్టాకే చావు మా ఇల్లు వదిలిందని అమ్మ నమ్మకం. ఏడేళ్ళు దాచి, మొన్న ఆదివారం ఇంటికి వెళ్ళి చెప్పేశాను. అమ్మ నవ్వింది. "నాకు ఎరికే బిడ్డా. నీ దోస్తులొచ్చి సునంద ఉన్నదా అని అడిగిండ్రు. ఉన్నది, చేనుకు పోయిందని నేనే చెప్పిన" అన్నది. మరి భయం కాలేదా అంటే, "ఎందుకైతది? పొద్దూ మాపూ గత్తరమ్మా అని నేను పిలుస్తనే ఉంటి గద" అన్నది.